ట్రినిడాడ్‌లో ఉద్యోగం వచ్చింది, ఆ దేశం గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. నేను కాకినాడలో ఎరువుల ఫ్యాక్టరీలో ఎనిమిదేళ్లుగా ప్రాసెస్ ఇంజినీర్‌గా చేస్తున్నాను. పోయిన వారం ట్రినిడాడ్‌లో పాయింట్ లీసాస్ అనే చోట ఉన్న అమ్మోనియా ప్లాంటు నుంచి ఆఫర్ వచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు, జీతం బాగుంది. ఇంట్లో చెప్పగానే నాన్న నా చిన్నప్పటి గ్లోబు అటక మీంచి దించి వెతికారు. వెనెజులా పక్కన ఓ చుక్క కనిపించింది, అంతే. ఆ చుక్కలో వీడు ఎలా బతుకుతాడని అమ్మకి అప్పట్నుంచి టెన్షన్. గూగుల్ చేస్తే సముద్రం, కొబ్బరిచెట్లు, ఈకలు కట్టుకుని డాన్స్ చేసేవాళ్ల ఫోటోలే వస్తున్నాయి. అసలు అది ఎలాంటి దేశం, ఎవరు పాలిస్తారు, తిండి ఏంటి, మనవాళ్లు ఎవరైనా ఉన్నారా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి ప్లీజ్. నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి.

కడపకారం:
బ్రో, లారా ఊరికి పోతున్నావ్, ఇంకా ఆలోచిస్తున్నావా! టెస్టుల్లో 400 నాటౌట్, కౌంటీల్లో 501 నాటౌట్ కొట్టిన మనిషి పుట్టింది ట్రినిడాడ్‌లోని శాంటా క్రూజ్ లోయలో. 2023 ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి హెడ్ కోచ్ కూడా ఆయనే. పొలార్డ్, బ్రావో, నరైన్, పూరన్ అందరూ అక్కడివాళ్లే. 1971లో గవాస్కర్ మొదటి టెస్టు ఆడింది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని క్వీన్స్ పార్క్ ఓవల్‌లో, వెస్టిండీస్ మీద ఇండియా మొట్టమొదటి టెస్టు గెలుపు కూడా అదే. 2002లో అదే గ్రౌండులో మన లక్ష్మణ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ యాభై దాటించాడు, ఆ మ్యాచ్ 37 పరుగులతో గెలిచాం. 2007 వరల్డ్ కప్‌లో బంగ్లాదేశ్ చేతిలో, శ్రీలంక చేతిలో ఓడి ఇంటికొచ్చింది కూడా అక్కడ్నుంచే, అది గుర్తు చేసుకుంటే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది.

ఇంకొకటి, వెస్టిండీస్ అనే దేశం లేదు. అది క్రికెట్ కోసం కలిసిన జట్టు. జమైకా, బార్బడోస్, గయానా, ట్రినిడాడ్, ఇవన్నీ వేర్వేరు దేశాలు, ఎవరి జెండా వాళ్లది. ఇది తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు.

పద్మ_శాన్‌ఫెర్నాండో:
తమ్ముడూ, మేం 2014 నుంచి 2020 దాకా శాన్ ఫెర్నాండోలో ఉన్నాం. మా ఆయన ఆయిల్ ఫీల్డ్ పని, నేను ఒక చిన్న బళ్లో లెక్కలు చెప్పేదాన్ని. నీ పోస్టు చూసి ఈ ఫోరంలో రెండేళ్ల తర్వాత లాగిన్ అయ్యాను, పాస్‌వర్డ్ కూడా మర్చిపోయాను. తీరిగ్గా చెప్తాను, చదువుకో.

దేశం పూర్తి పేరు ట్రినిడాడ్ అండ్ టొబాగో. రెండు ముఖ్యమైన దీవులు. రెండూ కలిపి 5,128 చదరపు కిలోమీటర్లు, అంటే పాత గుంటూరు జిల్లాలో సగం కూడా లేదు. జనం సుమారు 14 లక్షలు. వెనెజులా నుంచి దగ్గరి చోట 11 కిలోమీటర్లే. కొండల మీద నుంచి చూస్తే తెరిపిగా ఉన్న రోజు అవతలి గట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు దక్షిణ అమెరికా ఖండానికి అతుక్కునే ఉన్న నేల అది. అందుకే మిగతా కరీబియన్ దీవుల్లో లేని జంతువులు, పక్షులు ఇక్కడ ఉంటాయి. ఉత్తరాన నార్తర్న్ రేంజ్ అనే కొండల వరస, అందులో ఎత్తైన శిఖరం 940 మీటర్లు. ఆ కొండల కాళ్ల దగ్గర రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్. మధ్యలో చదును నేల, ఒకప్పుడు అంతా చెరకే. దక్షిణాన చమురు. నువ్వు పనిచేయబోయే పాయింట్ లీసాస్ పడమటి ఒడ్డున, కూవా ఊరి పక్కన. అమ్మోనియా, మిథనాల్ ప్లాంట్లు వరసగా ఉంటాయి, రాత్రిపూట హైవే మీంచి చూస్తే అదో దీపాల ఊరు.

మంచు లేదు, చలికాలం లేదు. జనవరి నుంచి మే దాకా ఎండ, జూన్ నుంచి డిసెంబరు దాకా వానలు. కోస్తా ఉక్కపోత అలవాటున్నవాడికి కొత్తేం కాదు. కొన్ని నెలల్లో సహారా ఎడారి దుమ్ము అట్లాంటిక్ దాటి వచ్చి ఆకాశం అంతా పాలిపోతుంది, మా చిన్నదానికి ఆ రోజుల్లో దగ్గు వదిలేది కాదు. తుపాన్లు చాలావరకు ఉత్తరంగా తప్పుకుని పోతాయి. టొబాగోకి మాత్రం కోనసీమకి 1996 ఎలాగో 1963 అలాగ. ఫ్లోరా అనే హరికేన్ తోటలన్నిటినీ నేలమట్టం చేసింది. భూకంపాలు ఉన్నాయి. 2018 ఆగస్టు 21 సాయంత్రం నేను పిల్లల కాపీలు దిద్దుతుంటే టేబులు నడవడం మొదలెట్టింది, దాదాపు 7 తీవ్రత అన్నారు. ఎవరికీ ఏం కాలేదు కానీ ఆ రాత్రి వీధి వీధంతా బయటే కూర్చుంది.

మిగతావి రేపు రాస్తాను, వంట ఉంది.

సింగరేణి_సూర్యం:
అక్కా, అక్కడ తారు చెరువు ఉందట గదా? మాది బొగ్గు బాయి కుటుంబం, నేల కింది నుంచి వచ్చేది ఏదైనా చెప్తే చెవి కోసుకుంటా. నిజంగనే దాని మీద నడవొచ్చా?

పద్మ_శాన్‌ఫెర్నాండో:
నడవొచ్చు తమ్ముడూ, నేను నడిచాను. లా బ్రేయా అనే ఊళ్లో ఉంది, పిచ్ లేక్ అంటారు. సుమారు 100 ఎకరాలు, ప్రపంచంలో దొరికే సహజమైన తారు నిల్వల్లో అదే పెద్దది. చెరువు అనగానే నల్లగా మరిగే కుంట ఊహించుకున్నాను. తీరా చూస్తే ముసలి ఏనుగు వీపులాగ, బూడిద రంగు, ముడతలు ముడతలు. అడుగేస్తే గట్టిగానే ఉంటుంది, కానీ ఒకే చోట నాలుగు నిమిషాలు నిలబడితే చెప్పు అంచు చుట్టూ నెమ్మదిగా గుంట పడుతుంది. గైడు కర్ర గుచ్చి లాగితే తారు తీగపాకంలాగ సాగింది. ముడతల మధ్య వాననీళ్లు నిలుస్తాయి, గంధకం వాసన, గోరువెచ్చగా ఉంటాయి. చర్మం జబ్బులు పోతాయని జనం అందులో దిగి కూర్చుంటారు. తవ్విన గుంట కొన్నాళ్లకి అదే పూడుకుపోతుంది, కింద నుంచి ఊరుతుందన్నమాట. 1595లో వాల్టర్ రాలీ అనే ఇంగ్లీషు నావికుడు తన ఓడల చిల్లులు ఈ తారుతోనే పూడ్చుకున్నాడు. 1870లలో వాషింగ్టన్‌లో పెన్సిల్వేనియా అవెన్యూకి వేసిన తారు కూడా ఇక్కడిదే.

అంత తారు ఉన్న లా బ్రేయా రోడ్లు మాత్రం ఎగుడుదిగుడు. నేల లోపల తారు కదులుతూ ఉంటుంది కాబట్టి ఇళ్ల గోడలు కూడా ఒరుగుతాయి. అక్కడివాళ్లకి అది రోజూ ఉండే బాధ.

పాతకాగితాలు:
"మనవాళ్లు ఉన్నారా" అన్నదానికి నేను చెప్తాను. పాత రికార్డులు చదవడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు.

1498లో కొలంబస్ వచ్చి ట్రినిడాడ్ అని పేరు పెట్టాడు, క్రైస్తవుల త్రిత్వం మీద. అప్పటికే అక్కడ స్థానిక జాతులు ఉన్నాయి, తర్వాత రోగాలతో, వెట్టితో చాలావరకు నశించారు. స్పెయిన్ 1783లో కాథలిక్కులెవరైనా వచ్చి భూములు తీసుకోవచ్చంటే ఫ్రెంచి జమీందార్లు ఆఫ్రికన్ బానిసలతో సహా దిగారు. 1797లో బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్నారు. 1834లో బానిసత్వం రద్దయింది, 1838తో పూర్తిగా విడుదల. చెరకు తోటల్లో పనికి మనుషులు కావాలి, విడుదలైనవాళ్లు అదే కొరడా కింద మళ్లీ ఎందుకు వంగుతారు? అప్పుడు ఇండియా మీద కన్ను పడింది.

1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి 200 పైచిలుకు మందిని దించింది. అప్పట్నుంచి 1917 దాకా వచ్చినవాళ్లు దాదాపు 1,44,000. అయిదేళ్ల ఒప్పందం, రోజుకి 25 సెంట్లు, పాసు లేకుండా తోట దాటితే జైలు. ఎక్కువమంది భోజ్‌పురి మాట్లాడే జిల్లాలవాళ్లు. కొన్ని ఓడలు మాత్రం మద్రాసు రేవు నుంచి వెళ్లాయి, వాటిలో అరవవాళ్లతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. మొత్తం మీద కొద్ది వేలే. అక్కడ వాళ్లందరికీ ఒకటే పేరు, మద్రాసీ. తోటల్లో భోజ్‌పురియే అందరి భాష అయింది, రెండు తరాల్లో తెలుగు పోయింది. మూన్‌సామీ, రామ్‌సామీ లాంటి ఇంటిపేర్లు మిగిలాయి. కాళీ పూజ, నిప్పుల మీద నడక లాంటివి మద్రాసీల ఆచారాలుగా కొన్నిచోట్ల కనిపిస్తాయి. తెలుగు మాట్లాడే పాత కుటుంబం దొరుకుతుందన్న ఆశతో వెళ్లకు బాబూ. దొరకదు.

వైజాగ్_వాసు:
సూపర్ సర్. అంటే ట్రినిడాడ్ మినీ ఇండియా అన్నమాట! ప్రధాని కమలా పర్సాద్-బిసెసర్ పూర్వీకులది బిహార్‌లోని బక్సర్ జిల్లా. 2025 జూలైలో మోదీ వెళ్లినప్పుడు ఆరో తరం దాకా ఓసీఐ (విదేశాల్లో ఉన్న భారత మూలాలవాళ్లకి ఇచ్చే) కార్డు ఇస్తామని ప్రకటించారు. దీపావళికి సెలవు, మే 30న ఇండియన్ అరైవల్ డే సెలవు, 85 అడుగుల హనుమంతుడు. గోదారిగట్టు గారూ, మీ అమ్మగారికి చెప్పండి, పరాయి దేశం కాదు, మన ఇల్లే.

వనజ_టొరంటో:
వాసు గారూ, నేనూ అలాగే అనుకున్నానండీ. నా ఆఫీసులో ఒకామె ఉంది, పేరు చూస్తే మనపేరే, ముఖం చూస్తే మన పిన్నిలాగే ఉంటుంది. మొదటిరోజే "మీది ఇండియాలో ఏ ఊరు" అని అడిగాను. ఆమె నవ్వి, "మా ముత్తాత వచ్చాడు, నేను కాదు, నేను ట్రినీని" అంది. కోపంగా కాదు, మెల్లగానే. కానీ ఆ మాట నాకు బాగా నాటుకుంది. వాళ్లు నూట ఎనభై ఏళ్లుగా ఆ మట్టిలో ఉన్నారు. ఇండియా వాళ్లకి పూజగదిలో ఉంటుంది, సినిమా పాటలో ఉంటుంది, అన్నం కంచంలో ఉంటుంది, కానీ ఓటు, జీతం, కోపం, దుఃఖం అంతా ట్రినిడాడ్‌తోనే. మనం వెళ్లి "మీరు మావాళ్లే" అంటే అది ఆప్యాయతే కావచ్చు, వాళ్లకి మాత్రం నువ్వు ఇక్కడివాడివి కాదు అన్నట్టు వినిపిస్తుంది.

పద్మ_శాన్‌ఫెర్నాండో:
వనజ గారు నా నోట్లో మాట అన్నారు. వాసూ, నీ ఉత్సాహం నాకు అర్థమైంది, నేను కూడా మొదటి ఏడాది అంతా మన పోలికలే వెతుక్కున్నాను. అలా వెతికితే సగం దేశం కనిపించదు నాయనా.

2011 జనాభా లెక్కల్లో భారత మూలాలవాళ్లు సుమారు 35 శాతం, ఆఫ్రికా మూలాలవాళ్లు 34 శాతం, ఇద్దరి కలయికతో సహా మిశ్రమ మూలాలవాళ్లు 23 శాతం దాకా. ఇంకా చైనా, సిరియా, పోర్చుగల్ నుంచి వచ్చినవాళ్లు. మతం చూస్తే కాథలిక్కులే ఎక్కువ, హిందువులు 18 శాతం. మినీ ఇండియా అంటే మా పక్కింటి ఆంటీ ఏమవ్వాలి? ఆవిడ ముత్తవ్వని గొలుసులతో తెచ్చారు. ఆవిడ నాకు కాలలూ వండటం నేర్పింది. చేమాకుల్ని కొబ్బరిపాలలో బెండకాయతో ఉడికించి రుబ్బుతారు, నేను ఇప్పటికీ ఆదివారాలు చేస్తాను.

స్టీల్‌పాన్ అనే వాద్యం సంగతి విను. ఆఫ్రికన్లు డోలు కొడితే తిరుగుబాటు అవుతుందని 1880లలో బ్రిటిష్‌వాళ్లు దాని మీద ఆంక్షలు పెట్టారు. సరే అని వెదురుబొంగులు నేలకేసి కొట్టారు. తర్వాత బిస్కెట్ డబ్బాలు, పెయింటు డబ్బాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నూనె పీపాలు కోసి, అడుగుభాగాన్ని సుత్తితో గుంటలుగా కొట్టి, ఒక్కో గుంటకి ఒక్కో స్వరం పలికించారు. పేదవాడల కుర్రాళ్లు చేసిన పని ఇది, చదువుకున్న ఇళ్లవాళ్లు తమ పిల్లల్ని అటు పోనిచ్చేవాళ్లు కాదట. ఇవాళ అది జాతీయ వాద్యం. దేశపు రాజముద్రలో కొలంబస్ మూడు ఓడల్ని తీసేసి 2025లో స్టీల్‌పాన్‌ని పెట్టారు. కార్నివాల్ అనే వీధి పండగ ముందు రాత్రుళ్లు పాన్‌యార్డుకి వెళ్తే వంద మంది ఒకే పాటని మళ్లీ మళ్లీ సాధన చేస్తుంటారు. ఒక బ్యాంకు క్యాషియర్, ఒక వెల్డర్, ఇద్దరు బడిపిల్లలు పక్కపక్కన. నేను గేటు దగ్గర నిలబడి విన్నాను, ఛాతీలో మోగింది ఆ ఇనుము.

కార్నివాల్ అంటే ఫోటోల్లోని ఈకలే కాదు. సోమవారం తెల్లవారకముందే జువే అని మొదలవుతుంది, ఒంటికి బురద, రంగు, నూనె పూసుకుని వీధుల్లోకి వస్తారు. దానికి మూలం విడుదలైన బానిసల ఊరేగింపు, 1881లో పోలీసులు కాగడాలు ఆపబోతే జనం ఎదురు తిరిగారు. అదొక పోరాటం జ్ఞాపకం.

వైజాగ్_వాసు:
పద్మక్కా, వనజ గారూ, మీరు చెప్పింది ఆలోచించాను. మినీ ఇండియా అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ హనుమంతుడి సంగతి మాత్రం తప్పు కాదు కదా?

పద్మ_శాన్‌ఫెర్నాండో:
తప్పేం కాదు, కరపిచైమా అనే ఊళ్లో ఉంది, మైసూరు దత్తపీఠం గణపతి సచ్చిదానంద స్వామి ఆధ్వర్యంలో కట్టారు. అక్కడికి దగ్గర్లోనే వాటర్‌లూ అనే చోట సముద్రంలో గుడి ఉంది, నాకు అది ఇంకా ఇష్టం. శివదాస్ సాధు అనే చెరకు కూలీ 1947లో ఒడ్డున చిన్న గుడి కట్టుకున్నాడు. భూమి చక్కెర కంపెనీది. కూల్చేశారు, ఆయన్ని 14 రోజులు జైల్లో పెట్టారు. బయటికొచ్చి, నేల మీద చోటు లేకపోతే సముద్రం ఎవరిదీ కాదు కదా అని, సైకిలుకి బకెట్లు తగిలించుకుని రాళ్లు, సిమెంటు మోసుకెళ్లి నీళ్లలో పోస్తూ ఏళ్ల తరబడి కట్టాడు. 1990లలో ప్రభుత్వం దాన్ని బాగుచేయించింది. పోటు వచ్చినప్పుడు గుడి చుట్టూ నీళ్లు, పాటు అప్పుడు బురదలో కొంగలు.

సిపారియా అనే ఊళ్లో కాథలిక్ చర్చి ఉంది, లా దివీనా పాస్తోరా. లోపల మేరీమాత విగ్రహం ముఖం చామనఛాయ. హిందువులు ఆవిడని సిపారీ మాయి అంటారు, గుడ్‌ఫ్రైడే ముందురోజు బియ్యం, నూనె, పూలు పట్టుకుని బారులు తీరతారు. పిల్లల పుట్టువెంట్రుకలు తీయిస్తారు! అది చూసి నాకు గుణదల గుర్తొచ్చి అక్కడే కళ్లు చెమర్చాయి.

గోదారిగట్టు:
పద్మక్కా, ఇదంతా నాన్నకి చదివి వినిపించాను, సముద్రంలో గుడి దగ్గర ఆపి రెండోసారి చదవమన్నారు. మా నాన్న రిటైర్డ్ తహసీల్దారు, ఆయన అడిగే ప్రశ్న: అక్కడ ప్రభుత్వం ఎలా నడుస్తుంది, ఇంకా ఇంగ్లండు రాజు కిందేనా?

నల్లకోటు:
ఇది నేను అందుకుంటాను. రాజు లేడు. 1962 ఆగస్టు 31న స్వాతంత్ర్యం, 1976లో రిపబ్లిక్. మొదటి ప్రధాని ఎరిక్ విలియమ్స్, స్వయంగా చరిత్రకారుడు. 1981లో చనిపోయేదాకా ఆయనే ప్రధాని. రాష్ట్రపతిని రెండు సభలూ కలిసి ఎన్నుకుంటాయి, అధికారం ప్రధానిది. మనలాగే. దిగువ సభలో 41 సీట్లు. సెనేట్‌లో 31, అందులో 16 మందిని ప్రధాని, ఆరుగురిని ప్రతిపక్ష నాయకుడు, తొమ్మిది మంది స్వతంత్రుల్ని రాష్ట్రపతి ఎంచుతారు. సెనేట్‌కి ప్రజల ఓటు లేదు.

41 అనే బేసి సంఖ్య వెనక కథ ఉంది. అంతకుముందు 36 సీట్లు. 2001 డిసెంబరు ఎన్నికల్లో రెండు పార్టీలకీ చెరి 18 వచ్చాయి. రాష్ట్రపతి అప్పటిదాకా ప్రధానిగా ఉన్న బాస్‌దేవ్ పాండేని కాదని ప్రతిపక్షంలో ఉన్న పాట్రిక్ మానింగ్‌ని పిలిచాడు. సభ కూర్చుంది, స్పీకర్ని కూడా ఎన్నుకోలేకపోయింది, ఎవరి పేరు పెట్టినా 18కి 18. చివరికి 2002 అక్టోబరులో మళ్లీ ఎన్నికలు. టొబాగోకి సొంత అసెంబ్లీ ఉంది, 2021 జనవరిలో అక్కడా 6-6తో సరిగ్గా అదే జరిగింది. సీట్లు 15కి పెంచి డిసెంబరులో మళ్లీ పెడితే 14-1.

పార్టీలు ప్రధానంగా రెండు, పీఎన్ఎం (పీపుల్స్ నేషనల్ మూవ్‌మెంట్), యూఎన్‌సీ (యునైటెడ్ నేషనల్ కాంగ్రెస్). మొదటిదానికి ఆఫ్రికా మూలాలవాళ్లు, రెండోదానికి భారత మూలాలవాళ్లు ఎక్కువగా వేస్తారన్నది పాత సంగతి, ఫలితం తేల్చేది మధ్యలో ఉన్న కొన్ని సీట్లు. 1970లో బ్లాక్ పవర్ ఉద్యమం అప్పుడు ఆఫ్రికన్ యువకులు చెరకు కూలీల ప్రాంతమైన కరోనీకి పాదయాత్ర చేశారు, ఇద్దరి కష్టం ఒకటేనని చెప్పడానికి. 1990 జూలైలో ఒక సాయుధ ముఠా పార్లమెంటులోకి చొరబడి ప్రధానితో సహా అందరినీ ఆరు రోజులు బందీలుగా పట్టుకుంది. అంత జరిగినా ఎన్నికల వ్యవస్థ నిలబడింది. దాన్ని నేను చాలా గౌరవిస్తాను.

నాకు మింగుడు పడనిది ఒకటుంది. కరీబియన్ న్యాయస్థానం ఉన్నది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే, కానీ ట్రినిడాడ్ కేసుల ఆఖరి అప్పీలు ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ అనే బ్రిటిష్ కోర్టుకే వెళ్తుంది.

మామిడిపిందె:
నేను శాకాహారిని, నాకూ ఒక ఇంటర్వ్యూ నడుస్తోంది అక్కడే. బతకగలనా?

పద్మ_శాన్‌ఫెర్నాండో:
హాయిగా. దాల్‌పూరీ అని ఉంటుంది, పప్పు పొడి కూరిన పల్చటి రొట్టె, తీపి లేని బొబ్బట్టు అనుకో. బస్ అప్ షట్ అంటే చీల్చిన పరాఠా, చిరిగిన చొక్కాలాగ ఉంటుందని ఆ పేరు. గుమ్మడికాయ, బోడి అనే పొడుగు అలసంద కాయలు, వంకాయని బైగన్ అనే అంటారు. పచ్చిమామిడి దొరుకుతుంది కాబట్టి పప్పుకి లోటు లేదు. ఇడ్లీ, దోశ, పచ్చళ్లు మర్చిపో, అవి ఇంట్లో చేసుకోవాల్సిందే.

కడపకారం:
అక్కా, కారం ఎట్లుంటది?

పద్మ_శాన్‌ఫెర్నాండో:
మోరుగా స్కార్పియన్ అని అక్కడి మిరపకాయ, 2012లో పరీక్షించినప్పుడు ప్రపంచంలోకెల్లా ఘాటైనదని తేల్చారు. మీ కడపవాళ్లు కూడా గోరంత వేసుకుని చూడండి ముందు.

గోదారిగట్టు:
ఇంకో ముఖ్యమైన విషయం. దొంగతనాలు, హత్యలు ఎక్కువని వార్తల్లో చూశాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.

పద్మ_శాన్‌ఫెర్నాండో:
దాచకు, చెప్పు. 2024లో 600కి పైగా హత్యలు జరిగాయి. 14 లక్షల జనానికి అది చాలా పెద్ద సంఖ్య, ఆ డిసెంబరు చివర్లో ఎమర్జెన్సీ కూడా పెట్టారు. ఎక్కువ ముఠాల మధ్య గొడవలు, తుపాకులు, మాదకద్రవ్యాలు. వెనెజులా అంత దగ్గర ఉండటం కూడా ఒక కారణం. మాకు ఆరేళ్లలో ఒక్కసారి కారు అద్దం పగలగొట్టి బ్యాగు పట్టుకుపోయారు. చీకటి పడ్డాక ఒంటరిగా నడిచేదాన్ని కాదు, తెలియని టాక్సీ ఎక్కేదాన్ని కాదు, గేటు తీసేముందు రోడ్డు అటూ ఇటూ చూడటం అలవాటైంది. ఆ జాగ్రత్త అక్కడివాళ్లందరికీ ఉంది, వాళ్ల ఇళ్ల కిటికీలకి ఉన్న ఇనుప చువ్వలు చూస్తే తెలుస్తుంది. భయపడి ఇంట్లో కూర్చోలేదు, అలాగని నిర్లక్ష్యంగానూ లేం. ఇంకో సంగతి, 2018 చివర్లో పాయింట్-అ-పియర్ చమురు రిఫైనరీ మూతపడ్డాక మా వీధిలో నాలుగు ఇళ్లలో ఉద్యోగాలు పోయాయి. గ్యాస్ మీదే ఆధారపడిన దేశం, గ్యాస్ తగ్గితే ప్లాంట్లు ఆగుతాయి. నీ కాంట్రాక్టులో మధ్యలో ఆపేస్తే ఏమిస్తారో రాతపూర్వకంగా తీసుకో.

వెళ్లేముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకో, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు లేకుండా ట్రినిడాడ్ నుంచి తిరిగి ఇండియాలో దిగితే క్వారంటైన్‌లో పెడతారు. అమెరికా మీదుగా టికెట్ తీసుకుంటే ట్రాన్సిట్ వీసా కావాలి, మర్చిపోకు.

గోదారిగట్టు:
ఒప్పుకున్నాను అందరూ. టికెట్ వచ్చింది. నాన్న ఈ చర్చ మొత్తం ప్రింటు తీయించి ఫైల్లో పెట్టుకున్నారు.

(రెండున్నర నెలల తర్వాత)

గోదారిగట్టు:
కూవా నుంచి రాస్తున్నాను. వచ్చి ఆరు వారాలు. పద్మక్కా, దీపాల ఊరు అన్నారు చూడండి, నైట్ షిఫ్ట్‌కి వెళ్తూ మొదటిరోజు అదే గుర్తొచ్చింది.

పొద్దున్న ఆరింటికి రోడ్డు పక్కన డబుల్స్ బండి. రెండు మెత్తటి బారాలు, పసుపు రంగులో, మన గారెకి చుట్టంలాగ కానీ పల్చగా. వాటి మీద గరిటెడు కాబూలీ శనగల కూర, కీరా తురుము, చింతపండు పులుసు, కుచేలా అనే మామిడి పచ్చడి. కాగితంలో వేసి అతను ఒకటే మాట అడుగుతాడు, "స్లైట్?" అంటే కారం కొంచెమేనా అని. తెలియక మొదటిరోజు ఎక్కువ వేయించుకున్నాను, షిఫ్ట్ అంతా నాలుక మండింది. ఆ బండి చుట్టూ పోలీసు, స్కూలు పిల్ల, మా ప్లాంటు మేనేజరు అందరూ నిలబడే తింటారు, కబుర్లు చెప్పుకుంటారు. దాన్ని లైమింగ్ అంటారట, ఊరికే కలిసి కూర్చోవడం. మా మేస్త్రీ నన్ను శుక్రవారం లైమ్‌కి పిలిచాడు, వాళ్లింట్లో సోకా అనే అక్కడి హుషారు పాటలు, పెలావ్ అనే అన్నం వంటకం, పక్కనే ఎవరో కూనిరాగంలో పాత హిందీ పాట.

పాతకాగితాలు గారూ, మీకోసం ఒకటి. మా ఇంటి యజమానురాలి అత్తగారికి ఎనభై దాటాయి, అందరూ ఆజీ అంటారు. నాది ఆంధ్రా అని చెప్తే ఆవిడకి ఆ పేరు తెలియలేదు, మద్రాసు దగ్గర అంటే లేచి లోపలికి వెళ్లి ఒక వెండి కడియం తెచ్చింది. లావుగా, లోపలివైపు అరిగి నున్నగా ఉంది. వాళ్ల నాయనమ్మదట, మద్రాసీ. ఏ భాషో ఆవిడకి తెలియదు. నన్ను ఏదైనా మాట్లాడమంది. ఒకటి నుంచి పది దాకా చెప్పాను, చాలా నెమ్మదిగా. తల అడ్డంగా ఊపింది, ఒక్క మాటా ఎప్పుడూ విన్నట్టు లేదంది. మళ్లీ చెప్పమంది. చెప్పాను. తర్వాత రెండు జబోకాలు చేతిలో పెట్టి పంపింది, అంటే అవకాడోలు.

పాతకాగితాలు:
బాబూ, ఆవిడ దగ్గర నాయనమ్మ ఇమిగ్రేషన్ పాసు గానీ, కనీసం ఓడ పేరు గానీ ఉందేమో అడుగు. పాసు మీద జిల్లా, ఊరు, తండ్రి పేరు రాసి ఉంటాయి. ఇంట్లో లేకపోయినా ఫరవాలేదు, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో నేషనల్ ఆర్కైవ్స్‌లో వలసకూలీల రిజిస్టర్లు ఉన్నాయి, ఓడ పేరు, వచ్చిన ఏడు తెలిస్తే వెతకొచ్చు. జిల్లా పేరు విశాఖపట్నం అనో గంజాం అనో ఉంటే మనకి దారి దొరికినట్టే. తమిళ జిల్లా అయినా సరే, ఆవిడకి తన నాయనమ్మ ఊరు తెలుస్తుంది కదా.

గోదారిగట్టు:
ఆదివారం అడుగుతాను సార్. కడియం ఫోటో తీసుకోవచ్చా అని కూడా.